మెయిల్ వస్తోంది, పోవడం లేదా?

ముందు మెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో పోర్టు, అంటే సర్వర్‌తో కలిసే దారి నంబరు, చూడండి. మెయిల్ రావడం ఐమ్యాప్ (IMAP) అనే పద్ధతి పని, పంపడం ఎస్‌ఎమ్‌టీపీ (SMTP) అనే పద్ధతి పని. ఒకటి బాగుందంటే రెండోదీ బాగున్నట్టు కాదు. 25వ నంబరు మెయిల్ సర్వర్లు తమలో తాము మాట్లాడుకునే పోర్టు. స్పామ్ భయంతో చాలా నెట్ కంపెనీలు దాన్ని మూసేస్తాయి. మనం పంపాల్సింది 587లో స్టార్ట్‌టీఎల్‌ఎస్‌తో (STARTTLS: మామూలుగా మొదలై తర్వాత రహస్య కనెక్షన్‌గా మారడం), లేదా 465లో మొదటి నుంచీ టీఎల్‌ఎస్‌తో (TLS: రహస్య కనెక్షన్). ఈ పోర్టు-భద్రత జతలు తారుమారైతే కనెక్షన్ కుదరదు, ఒక్కోసారి టైమవుట్ దాకా వేలాడుతుంది.

పంపేటప్పుడు 535 అనే ఎర్రర్ కోడ్ వస్తే లాగిన్ కుదర్లేదని అర్థం. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఉన్న ఖాతాకి చాలాసార్లు యాప్ పాస్‌వర్డ్ (ఆ మెయిల్ యాప్ కోసమే ఖాతా సెట్టింగ్స్‌లో తయారు చేసుకునే వేరే పాస్‌వర్డ్) కావాలి, ఎక్కువమంది ఇక్కడే ఇరుక్కుంటారు.

4తో మొదలయ్యే కోడ్ తాత్కాలికం. దయచేసి అదే మెయిల్ పదిసార్లు పంపకండి; సర్వర్ దాన్ని క్యూలో పెట్టుకుని, మామూలుగా నాలుగైదు రోజుల దాకా తనే ప్రయత్నిస్తుంది. 5తో మొదలైతే తిరస్కరించినట్టే. తిరిగొచ్చిన మెయిల్లో ఆ కోడ్ పక్కనున్న వాక్యం తప్పక చదవండి, కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది.