మైనారిటీ పాపకు మైనారిటీ స్కూల్లో సీటు లేదన్నారు: నా ఆర్టీఈ అనుభవం

మేం దూదేకుల వాళ్లం. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, మతం ఇస్లాం, రిజర్వేషన్ లెక్కలో బీసీ-బి. ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. 2025 వేసవిలో మా పాపకు విద్యాహక్కు చట్టం (ఆర్టీఈ) కింద, ప్రైవేటు స్కూళ్లు పేద పిల్లలకు ఇవ్వాల్సిన 25 శాతం సీట్లలో, ఓ స్కూల్లో ఒకటో తరగతి సీటు వచ్చింది. స్కూలు నడిపేది కూడా ముస్లిం సొసైటీయే. కాగితాలు పట్టుకుని వెళ్తే, "మాది మైనారిటీ సంస్థ, 25 శాతం రూలు మాకు వర్తించదు" అని తిప్పి పంపారు. మా అమ్మకు ఎంత చెప్పినా ఇది మింగుడు పడలేదు. "మరి మనం ఎవరం రా?" అంటుంది.

దరఖాస్తు దాకా పెద్ద ఇబ్బంది లేదు. రాష్ట్ర సిలబస్ స్కూళ్లకైతే జూన్ 1 నాటికి పాపకు ఐదేళ్లు నిండాలి. పట్టణంలో ఏడాది ఆదాయం 1,44,000 రూపాయలు దాటకూడదు. ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్, చిరునామా కాగితం పట్టుకెళ్తే వార్డు సచివాలయంలో ఆన్‌లైన్ చేసి పెట్టారు. కిలోమీటరు లోపు ఇల్లున్న వాళ్లకు ముందు, మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకు ఆ తర్వాత. లాటరీలో పేరు వచ్చినట్టు మెసేజ్ వచ్చిన రోజు మా ఆవిడ వీధి వీధంతా చెప్పింది. ఆ తర్వాత స్కూలు వాళ్ల మాట విని తల ఎత్తుకోలేకపోయాం.

నాది కోర్టు సెంటర్‌లో జిరాక్స్, డీటీపీ షాపు. రోజూ వకీళ్ల పిటిషన్లే టైపు చేస్తాను కాబట్టి చట్టం మాటలు చెవిన పడుతూనే ఉంటాయి. అయినా స్కూలు వాళ్లు చెప్పింది అబద్ధమా నిజమా అన్నది నాకు తేలలేదు. షాపుకు వచ్చే సీనియర్ వకీలు ఒకాయన్ని అడిగాను. ఆయన టీ తాగుతూ చెప్పింది ఇదీ.

రాజ్యాంగం 30వ అధికరణం మత, భాషా మైనారిటీలకు సొంతంగా విద్యాసంస్థలు పెట్టుకుని నడుపుకునే హక్కు ఇచ్చింది. 2002లో 86వ సవరణతో వచ్చిన 21ఏ అధికరణం ఆరు నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. దాని కోసం చేసిందే 2009 నాటి విద్యాహక్కు చట్టం. అందులో సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు స్కూళ్లు 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇవ్వాలి. ఈ రెండు హక్కులూ ఎదురెదురు పడ్డాయి. 2012లో సుప్రీంకోర్టు ఎయిడ్ (ప్రభుత్వ నిధుల సాయం) లేని మైనారిటీ స్కూళ్లకు మినహాయింపు ఇచ్చింది. 2014 మే 6న ప్రమతి కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం ఇంకో అడుగు వేసి, ఎయిడ్ ఉన్నా లేకపోయినా మైనారిటీ స్కూళ్లకు ఈ చట్టమే వర్తించదంది.

"అంటే వాళ్లది కరెక్టేనా అన్నా?" అన్నాను.

"మైనారిటీ స్కూలైతే కరెక్టే. తమ్ముడూ, నువ్వు రాజ్యాంగం జోలికి ఇప్పుడే పోవద్దు. వాళ్ల దగ్గర సర్టిఫికెట్ ఉందో లేదో ముందు కనుక్కో. ఉంటే ఢిల్లీ దాకా వెళ్లినా సీటు రాదు. లేకపోతే ఇక్కడే వస్తుంది."

ఈ గొడవ మొత్తంలో నాకు పనికొచ్చిన మాట ఇదొక్కటే. స్కూలు పేరులోనో యాజమాన్యం పేరులోనో మతం కనిపించినంత మాత్రాన సరిపోదు. మైనారిటీ హోదా ఉందని రాష్ట్ర ప్రభుత్వమో, ఢిల్లీలోని జాతీయ మైనారిటీ విద్యాసంస్థల కమిషనో ఇచ్చిన కాగితం చూపించాలి. అది కూడా ఆ సంస్థ పేరు మీదే ఉండాలి.

స్కూల్లో అడిగితే "ఆఫీసులో ఉంది" అన్నారు. ఏ ఆఫీసో చెప్పలేదు. ఎంఈఓ ఆఫీసులో అడిగితే "మైనారిటీ అంటున్నారు కదండీ, మేమేం చేస్తాం" అన్నారు. జూన్ 12న బడులు తెరిచారు, మా పాప మాత్రం ఇంట్లోనే. ఆ టెన్షన్‌లో సమాచార హక్కు చట్టం (ఆర్టీఐ) కింద దరఖాస్తు రాశాను. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి డీఈఓ ఆఫీసులో ఇచ్చాను. వ్యాసం రాయకుండా సూటిగా అడిగాను: ఈ స్కూలుకు మైనారిటీ హోదా ఉందా? ఉంటే సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి. యూడైస్ (బడుల వివరాలుండే ప్రభుత్వ రికార్డు)లో ఏమని ఉంది? సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ కూడా పెట్టాను. ఆర్టీఐకి 30 రోజుల గడువు ఉంటుంది, అర్జీ పెడితే ఫైలు కొంచెం ముందే కదులుతుందని ఆశ.

వచ్చిన జవాబు చూసి వకీలన్న పెద్దగా నవ్వాడు. సొసైటీకి సర్టిఫికెట్ ఉన్న మాట నిజమే, కానీ అది వాళ్ల జూనియర్ కాలేజీకి. స్కూలుకు లేదు. యూడైస్‌లో మైనారిటీ యాజమాన్యమా అన్న గడిలో "కాదు" అని నింపింది స్కూలు వాళ్లే. అందుకే లాటరీ జాబితాలో ఆ స్కూలు ఉంది. ఆ జవాబు కాపీ జత చేసి మళ్లీ అర్జీ ఇస్తే డీఈఓ ఆఫీసు నుంచి స్కూలుకు లెటర్ వెళ్లింది. జులైలో పాప బడికి వెళ్లింది.

30వ అధికరణం మీద నాకు కోపం లేదు. చెన్నైలో, బెంగళూరులో తెలుగువాళ్లు భాషా మైనారిటీగా బడి పెట్టుకోవాలన్నా అండ అదే. కానీ 2014 తీర్పు మరీ దూరం వెళ్లిందని నా అభిప్రాయం. జాతీయ బాలల హక్కుల కమిషన్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం మైనారిటీ స్కూళ్లలో చదివే పిల్లల్లో 62.5 శాతం మైనారిటీలు కానివాళ్లే. 25 శాతం సీట్లు ఇస్తే స్కూలు మైనారిటీ స్వభావం పోతుందన్నది మినహాయింపు కోరేవాళ్ల వాదన. ఫీజు కట్టే బయటి పిల్లలు వస్తే పోని ఆ స్వభావం, ఫీజు కట్టలేని సొంత పిల్లలు వస్తే ఎలా పోతుంది?

సుప్రీంకోర్టుకూ ఆ తీర్పు మీద అనుమానం వచ్చినట్టుంది. 2025 సెప్టెంబర్ 1న జస్టిస్ దీపాంకర్ దత్తా, జస్టిస్ మన్మోహన్ల బెంచ్, ప్రమతి తీర్పు సరైనదేనా చూడాలని విస్తృత ధర్మాసనం కోసం ప్రధాన న్యాయమూర్తికి పంపింది. మనవాళ్లందరికీ అది టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) తీర్పుగానే తెలుసు. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన టీచర్లు రెండేళ్లలో టెట్ పాస్ కావాలన్న భాగం మీదే గోల జరిగింది. ప్రమతి గురించిన రెండో సగం మీద మా సెంటర్‌లో మాట్లాడింది నేనూ ఆ వకీలన్నా మాత్రమే.

పాప చదువు బాగానే ఉంది. పుస్తకాలు, యూనిఫాం డబ్బుల పేచీ ఇప్పుడు మొదలైంది. ట్యూషన్ ఫీజు వరకే ఉచితం, మిగతావి కట్టాలని స్కూలు వాళ్ల వాదన. ఆ మాట కాగితం మీద రాసివ్వమని అడిగాను, ఇంకా ఇవ్వలేదు.