మా సెంటర్‌లో రోత సైట్లు ఆపడానికి నేను పడ్డ తిప్పలు

హన్మకొండలో కాకతీయ యూనివర్సిటీకి పోయే దారిలో నాకో చిన్న ఆన్‌లైన్ సెంటర్ ఉంది. డిగ్రీ సీట్ల దోస్త్, ఎప్‌సెట్ కౌన్సెలింగ్ రోజుల్లో ఆడపిల్లలు, వాళ్ల నాన్నలతో నిండిపోతుంది. మొన్న ఒకమ్మాయి ఫొటో సైజు తగ్గించే ఏదో సైట్ తెరిస్తే స్క్రీన్ నిండా రోత బొమ్మలు. వాళ్ల నాన్న ఒక్క మాట అనకుండా బిడ్డను లేపి తీసుకుపోయాడు. ఇక ఇవన్నీ బంద్ పెట్టాల్సిందే అనుకున్నాను.

పద్ధతి తేలికే. సైట్ పేరు కొట్టగానే దాని అడ్రస్ వెతికి చెప్పేది డీఎన్‌ఎస్. క్లౌడ్‌ఫ్లేర్ అనే ఇంటర్నెట్ కంపెనీ వాళ్లు 2020 ఏప్రిల్‌లో 1.1.1.3, 1.0.0.3 అనే డీఎన్‌ఎస్‌లు ఉచితంగా పెట్టారు. వైరస్ సైట్లకు, అశ్లీల సైట్లకు అవి దారి చెప్పవు. రౌటర్‌లో వేస్తే కంప్యూటర్లన్నిటికీ వర్తిస్తుంది.

కానీ రౌటర్ లోపలికి పోవాలంటే అడ్మిన్ పాస్‌వర్డ్ కావాలి. డబ్బా మీద రాసి ఉన్నది పనిచేయలేదు. కనెక్షన్ ఇచ్చినవాళ్ల ఆఫీసుకు వెళ్తే, కౌంటర్‌లో పిలగాడు "ఏం బ్లాక్ చేయాలి మేడం?" అని అందరికీ వినబడేలా అడిగాడు. చెప్పాను. పక్కవాడి వైపు చూసి నవ్వి, "మీ సెంటర్‌లో ఎవరు చూస్తున్నారు మేడం అవి?" అన్నాడు. బిల్లు కట్టడానికి వచ్చిన మగవాళ్లు కూడా నవ్వారు. నెలనెలా పైసలు కట్టేదాన్ని, పిల్లల కోసం అడుగుతున్నాను. ఇందులో నవ్వేదేముంది? ఆడమనిషి ఆ మాట పదిమందిలో అనడానికి ఎంత గుండె కూడగట్టుకోవాలో వాళ్లకేం తెలుసు? గట్టిగా నిలదీస్తే పాస్‌వర్డ్ కస్టమర్లకు ఇవ్వం అన్నారు, కంప్లైంట్ రాసుకుంటామన్నారు. మనిషి రాలేదు, ఫోన్ రాలేదు, సాయంత్రానికి 'మీ సమస్య పరిష్కరించబడింది' అని మెసేజ్ మాత్రం వచ్చింది. మళ్లీ వెళ్తే అదే పిలగాడు "ఆ బ్లాకింగ్ మేడం వచ్చారు" అని లోపలికి కేకేశాడు. ఒళ్లు మండిపోయింది. మీరు కనెక్షన్ తీసుకునేటప్పుడు, వైరు బిగించకముందే అడ్మిన్ పాస్‌వర్డ్ రాయించుకోండి. తర్వాత ఎవరూ ఇవ్వరు.

చివరికి సొంత రౌటర్ కొన్నాను. వాళ్ల డబ్బా నుంచి వైరు తెచ్చి దీని వాన్ (WAN, బయటి నుంచి ఇంటర్నెట్ వచ్చే) పోర్టులో పెట్టి, కంప్యూటర్లన్నీ దీనికే కలిపి, డీఎన్‌ఎస్ వేశాను. ఎవరి కాళ్లూ పట్టుకోకుండా నేనే చేసుకున్నాను, గర్వంగానే చెప్తున్నాను. ఐపీవీ6 అని ఇంటర్నెట్ అడ్రస్‌ల కొత్త పద్ధతి ఒకటుంది, దాన్ని ఆపేయాలి, లేదా దానికీ ఫిల్టర్ ఉన్న డీఎన్‌ఎస్సే ఇవ్వాలి. లేకపోతే అటునుంచి దాటిపోతాయి. క్రోమ్‌లో 'సెక్యూర్ డీఎన్‌ఎస్' కింద ఎవరైనా వేరే కంపెనీని ఎంచుకుంటే ఇదంతా దండగ, కాబట్టి కస్టమర్లు మార్చలేకుండా విండోస్‌లో పాలసీ పెట్టి దాన్ని మూసేశాను. సొంత ఫోన్ డేటాతో చూసేవాళ్లను ఇది ఆపదు.

పనిచేస్తుందో లేదో చూడటానికి రోత సైట్ తెరవక్కర్లేదు. పరీక్ష కోసమే క్లౌడ్‌ఫ్లేర్ వాళ్లు nudity.testcategory.com అనే పేరు పెట్టారు. ఈ రోజు పొద్దున ప్రతి కంప్యూటర్‌లోనూ కొట్టి చూశాను, ఎక్కడా తెరుచుకోలేదు.