మిద్దెతోటలో కిడ్నీ పత్యం: నిరుడు ఆషాఢం నుంచి ఇప్పటిదాకా

మా మిద్దె మీద కుండీలు ఎప్పట్నుంచో ఉన్నాయి. నెల్లూరులో ముత్తుకూరు రోడ్డు వైపు ఇల్లు, పైన సగం స్లాబు ఖాళీ, అక్కడ నాకు తోచింది వేసుకునేవాణ్ణి. నిరుడు వేసవిలో క్రానిక్ కిడ్నీ డిసీజ్ అని తేలాక మాత్రం ఏం వేయాలో, ఏం తీసేయాలో రక్తపరీక్ష కాగితం చెబుతోంది. వయసు 54, బీపీ పాత చుట్టం. క్రియాటినిన్ 1.9, ఈజీఎఫ్‌ఆర్ 41, పొటాషియం 5.4. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, ఈజీఎఫ్‌ఆర్ అంటే కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే లెక్క, అది తగ్గేకొద్దీ జబ్బు ముదిరినట్టు. ఈజీఎఫ్‌ఆర్ 30 నుంచి 44 లోపు ఉంటే స్టేజ్ 3బీ అంటారు. మూడు నెలలు ఆగి మళ్లీ చేయించినా దాదాపు అదే వచ్చింది కాబట్టి ఇక అనుమానం ఏమీ లేదు. ఇది నా తోట సంగతి, నా కంచం సంగతి. డయాలసిస్ చేయించుకుంటున్నవాళ్లకి ప్రోటీన్ లెక్క వేరు, నీళ్ల లెక్క వేరు, వాళ్లు దీన్ని చూసి ఏమీ మార్చుకోవద్దు.

ముందు తీసేసినవి చెప్తా. సగం డ్రమ్ములో స్టార్ ఫ్రూట్ చెట్టు ఉండేది, కడియం నుంచి తెప్పించింది, బ్రహ్మాండంగా కాసేది. దాంట్లో ఆక్సలేటు ఎక్కువ, పైగా నరాల మీద పనిచేసే విషపదార్థం ఒకటుంది, మామూలు కిడ్నీ దాన్ని బయటికి పంపేస్తుంది, దెబ్బతిన్న కిడ్నీ పంపలేదు. ఆగని ఎక్కిళ్లతో మొదలై, మతి తప్పి, ఫిట్స్ దాకా పోయినవాళ్లున్నారు. కిడ్నీ జబ్బున్న ఇంట్లో ఆ చెట్టు ఎందుకని కోవూరులో మా బావమరిదికి ఇచ్చేశా, వాళ్లింట్లో ఎవరికీ షుగరూ కిడ్నీ లేవని రెండుసార్లు అడిగి మరీ. పాలకూర, తోటకూర తొట్లు తీసేశాం. మునగచెట్టు ఉంచాం, కాయ అప్పుడప్పుడు పులుసులో రెండు ముక్కలు, ఆకు మాత్రం నాకు లేదు. దీని మీద మా అమ్మకి ఇంకా కోపం పోలేదు. "ఊరంతా మునగాకు తినండి తినండని మొత్తుకుంటుంటే నువ్వేందిరా వద్దంటావు" అంటుంది. ఊరికి మంచిదే అమ్మా, నా పొటాషియం దిగాక చూద్దాం అన్నా.

పొటాషియం అందరికీ తగ్గించాల్సిన పని లేదు, ఈ ముక్క మాత్రం గట్టిగా చెప్పాలి. రక్తంలో 3.5 నుంచి 5 దాకా మామూలు, నాది దాటింది కాబట్టి నాకు తగ్గించారు. స్టేజ్ 3 అని తెలియగానే పండ్లూ కూరగాయలూ మొత్తం మానేసి వట్టి అన్నం, పెరుగు తింటూ నీరసపడిపోయేవాళ్లని చూశా, వాళ్ల పొటాషియం 4.2. ఎవరో పంపిన వద్దుల పట్టీ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతుంటుంది, దాన్ని పట్టుకుంటే చివరికి గాలి ఒక్కటే మిగులుతుంది.

ఆషాఢంలో వేసినవి: సొర, బీర, పొట్ల, దొండ, రెండు వంగ, నాలుగు క్యాప్సికం. నూరు గ్రాముల సొరకాయలో పొటాషియం సుమారు 150 మిల్లీగ్రాములు, బీరలో కూడా ఇంచుమించు అంతే, పాలకూరలో 550 దాకా. అందుకే తీగజాతి మీద పడ్డా. మట్టి కలుపు ఇది: ఎర్రమట్టి రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) ఒక పాలు, కుండీకి గుప్పెడు వేపపిండి. కోకోపీట్ ఇటుకలో ఉప్పు ఉంటుంది, నానబెట్టి, పిండి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ నానబెట్టి వాడాలి. ఆర్వో మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లు మొక్కలకి పోద్దామని చాలామందికి ఆశ, నాకూ ఉండేది, మా బోరు నీళ్లే ఉప్పన, ఇక ఆర్వో వదిలేసే నీళ్లు ఇంకా ఘాటు, వంగ ఆకుల అంచులు మాడిపోయినట్టు అయ్యాయి. ఇప్పుడు వాటితో మెట్లు కడుగుతున్నాం. కనిగిరిలో మా అక్కవాళ్లకి బోరులో ఫ్లోరైడు, తాగడానికి ఎటూ కొనుక్కోవాల్సిందే, వాన నీళ్లు డ్రమ్ముల్లో పట్టి మొక్కలకి వాడుకోమని చెప్పా. వాన పడితే కదరా అంది.

సొరకి, బీరకి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి. మా వీధిలో తేనెటీగలు తక్కువ, పిందెలు పసుపురంగుకి తిరిగి రాలిపోతుంటే ఆరింటప్పుడు పైకెక్కి చేత్తో పరాగం అద్దడం మొదలుపెట్టా. ఆడపువ్వు కింద చిన్న పిందె కనిపిస్తుంది, మగపువ్వు తెంపి రేకలు తుంచేసి లోపలి కేసరాన్ని ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాలి, అంతే. కాకరకి ఇది పొద్దున చేయాలి. పండు ఈగకి లింగాకర్షక బుట్ట (మగ ఈగల్ని వాసనతో లాగి పట్టేది) ఒకటి తగిలించా, చాలావరకు ఆగింది. ఇంకో సంగతి, సొరకాయ కోయగానే పచ్చిముక్క నాలిక మీద పెట్టి చూసుకోండి, చేదు తగిలితే కాయ మొత్తం పారేయాలి, ఉడికించినా ఆ చేదు విషం పోదు. పొద్దున్నే సొరకాయ జ్యూస్ తాగేవాళ్లు మరీ జాగ్రత్త. నేను జ్యూసుల జోలికే పోవట్లేదు, కూరగా తింటే ఒక కప్పు తినేది జ్యూసు చేస్తే కాయంతా లోపలికి పోతుంది.

ఇప్పుడు ఉప్పు. అసలు పోరు ఇక్కడే. రోజుకి 5 గ్రాములు దాటొద్దన్నారు, అంటే తలకొట్టిన చిన్న చెంచాడు, కూర, పప్పు, చట్నీ, పెరుగన్నం అన్నిటికీ కలిపి. ఎరువులు తూచే చిన్న కాటా ఉంటే దాన్ని కడిగి వంటింట్లోకి తెచ్చా. పొద్దున 5 గ్రాములు తూచి పాత కుంకుమ భరిణెలో పోసుకుంటా, మా ఆవిడ ఉప్పు వేయకముందే నా వంతు కూర పక్కకి తీస్తుంది, నేను భరిణెలోంచి చిటికెడు చిటికెడు వేసుకుంటా. ఇడ్లీ పిండిలో, దోసె పిండిలో పడే ఉప్పు ఈ లెక్కలోకి రావాలి కాబట్టి టిఫిన్ ఉన్న రోజు భరిణెలో ఒకటిన్నర గ్రాము తక్కువ. మొదట్లో అన్నం గొంతు దిగలేదు. తర్వాత తర్వాత బయట హోటల్లో సాంబారు నోట్లో పెడితే ఉప్పు కషాయంలా అనిపించే దాకా వచ్చింది.

ఆవకాయ, వడియాలు, అప్పడాలు, చల్ల మిరపకాయలు, ఎండు రొయ్యలు, ఇవన్నీ ఉప్పు గనులు. బ్రెడ్డు, బిస్కెట్లు, సోడా వేసిన బజ్జీల్లో కూడా సోడియం ఉంటుంది, నాలిక్కి తెలియదు. తక్కువ సోడియం అని ప్యాకెట్లలో అమ్మే ఉప్పు మాకు ఇంకా ప్రమాదం, దాంట్లో సోడియం తగ్గించి పొటాషియం క్లోరైడు కలుపుతారు. ప్యాకెట్ వెనక చదవండి. ఉప్పు లేని లోటు పులుపుతో, ఘాటుతో పూడ్చాలి. పొదలకూరు నిమ్మకాయలు మనకి కొరత లేదు, దించిన తర్వాత పిండితే సగం పని అయిపోతుంది. కారం దోసె నేను వదల్లేదు, ఎండుమిర్చి, ఉల్లిపాయ, వెల్లుల్లి నూరిన కారంలో ఉప్పు అసలు వేయం, పిండిలో ఉన్నదే చాలు. తోటలో కరివేపాకు, కొత్తిమీర, పుదీనా పెంచుతున్నది కూడా దీనికోసమే, గుప్పెడు చల్లితే వాసనకే ముద్ద కదులుతుంది.

చేపల పులుసు సంగతి అడుగుతారు, నెల్లూరోళ్లం కదా. మానలేదు. డాక్టరు నాకు కిలో బరువుకి 0.8 గ్రాముల ప్రోటీన్ చెప్పారు, నేను 62 కిలోలు, అంటే రోజుకి 50 గ్రాముల దగ్గర. నూరు గ్రాముల చేపలో 18 నుంచి 20 గ్రాములు వస్తుంది, గుడ్డులో 6, మిగతాది అన్నం, పెరుగు, పప్పుల్లోంచి. కాబట్టి చేప ఉన్న పూట పప్పు లేదు, గుడ్డు లేదు. ఒకటే పెద్ద ముక్క. మామిడికాయ ముక్కలు నాలుగు ఎక్కువేసి, చింతపండు సగానికి తగ్గించి, ఉప్పు సగం వేసి రాత్రి వండి పెడితే మర్నాటికి ఊరుతుంది చూడండి, ఉప్పు తక్కువైందని మా అమ్మ కూడా కనిపెట్టలేదు, లేదా కనిపెట్టి ఊరుకుంది. ప్రోటీన్ పౌడర్లు వద్దు, మొత్తం మానేసి కండ కరిగించుకోనూ వద్దు.

ఆలుగడ్డ, చేమగడ్డ తినాలనిపిస్తే చిన్న ముక్కలు కోసి ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంచేయాలి, పొటాషియం చాలావరకు నీళ్లలోకి దిగిపోతుంది. వంచిన నీళ్లతో చారు పెట్టుకుంటే చేసిందంతా వృథా. ఉప్పు వేయలేదు కాబట్టి చల్లార్చి వంగ మొక్కలకి పోస్తున్నా. అరటితొక్కలు నానబెట్టిన నీళ్లు, కట్టెల బూడిద కూడా వాటికే. నాకు వద్దన్నదంతా అవి తాగి నిగనిగలాడుతున్నాయి.

కిడ్నీ అనగానే ప్రతివాళ్లూ రాళ్లే అనుకుంటారు. కొండపిండాకు కషాయం తాగు, అరటిదూట రసం తాగు, రోజూ రెండు కొబ్బరిబోండాలు తాగు అని చెప్పని మనిషి లేడు. పక్కింటి అబ్బాయైతే "అన్నా, మా మామకి అట్టనే పోయింది, వారం తాగు" అని దూట తెచ్చి గుమ్మంలో పెట్టాడు. వాళ్ల మామది రాయి, నాది ఫిల్టర్లే అరిగిపోవడం. నూరు మిల్లీలీటర్ల కొబ్బరినీళ్లలో 250 మిల్లీగ్రాముల దాకా పొటాషియం, రెండు బోండాలు తాగితే నా సంగతి అయిపోతుంది. దూట మాత్రం కూర వండించి వాళ్లింటికే గిన్నెడు పంపించా.

నీళ్లు ఎన్ని తాగాలి? నాకు కాళ్ల వాపు లేదు కాబట్టి కట్టడి పెట్టలేదు, దాహానికి తగ్గట్టు తాగమన్నారు, అలాగని లీటర్లకి లీటర్లు తాగితే కిడ్నీ కడిగినట్టు అవుతుందన్నది ఉత్తమాట. వాపు ఉన్నవాళ్లకి లెక్క వేరే. ఎండల్లో ఏడింటి లోపు పైన పని ముగించి దిగిపోతున్నా, చెమట పోసి ఒళ్లు ఎండిపోతే క్రియాటినిన్ పెరుగుతుంది. వాంతులో విరేచనాలో పట్టుకుంటే మామూలు మనిషిలా ఓఆర్‌ఎస్ తాగి పడుకోవడం కాదు, డాక్టరుకి ఫోన్ చేయాలి, కొన్ని బీపీ మాత్రలు ఆ రెండు రోజులు ఆపాల్సి రావచ్చు.

మట్టి బస్తాలు ఎత్తితే నడుం పడుతుంది. మందుల షాపులో నడుంనొప్పి అనగానే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఉన్న బిళ్లలు చేతిలో పెడతారు, ఇవి కిడ్నీకి శత్రువులు, ఐబూప్రోఫెన్ కూడా ఆ జాతే. నాకు రాసింది పారాసెటమాల్ ఒక్కటే. అంతకన్నా తెలివైన పని బస్తా ఎత్తకపోవడం, బకెట్లో కొంచెం కొంచెం మోస్తున్నా.

కార్తీకం వానలు తోటని ముంచాయి. సంచుల అడుగున చిల్లులు మూసుకుపోయి దొండ వేర్లు కుళ్లాయి, గాలికి పందిరి ఒకవైపు ఒరిగింది. సంచుల కింద ఇటుక ముక్కలు పెట్టి ఎత్తు చేశాక కొంచెం నయం. సంక్రాంతి అయ్యాక బీర ఆకుల మీద బూడిద తెగులు, పుల్ల మజ్జిగ నీళ్లలో కలిపి కొడితే సగం తగ్గింది, మిగతా ఆకులు కోసేశా.

ఉగాదికి ముందు పరీక్షలు చేయించా. అదే ల్యాబు, ముందురోజు రాత్రి మాంసం ముట్టకుండా. క్రియాటినిన్ 1.8, ఈజీఎఫ్‌ఆర్ 44, పొటాషియం 4.7, బీపీ 130 లోపు. నేను సంబరపడేలోపే డాక్టరు చెప్పారు, 1.9కీ 1.8కీ తేడా ల్యాబులో కూడా వచ్చేస్తుంది, పోయిన కిడ్నీ తిరిగి రాదు, దిగజారకుండా ఆగింది అనుకోండి అని. పొటాషియం దిగింది మాత్రం నిజమే. దాంట్లో సొరకాయ వాటా ఎంతో, మాత్రల వాటా ఎంతో నేను విడదీయలేను. చిన్న అరటిపండు వారానికి ఒకటి, జామకాయ సగం తినొచ్చన్నారు.

ఈ ఎండాకాలానికి దోస, బెండ వేశా, పైన 50 శాతం షేడ్‌నెట్ కట్టించాలి, కిందటిసారి కట్టిన తాళ్లు ఎండకి పొడిపొడి అయ్యాయి కాబట్టి ఈసారి బైండింగ్ వైరు. సొర విత్తనం అడిగినవాళ్లకి ఉంది, గట్టి తొక్క కాబట్టి రాత్రంతా నానబెట్టి పెట్టుకోండి. పందిరికి జీఐ పైపు రేటు కనుక్కోవాలి, రోహిణి కార్తె లోపు ఆ పని అయిపోవాలి.