పేజర్ మోగితే పరుగెత్తేవాళ్లు

కృష్ణలంకలో ఉండే మా బాబాయికి నా ఉద్యోగం అర్థమైంది. వేల్స్‌లో సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్లో ఆసుపత్రి యంత్రాలు బాగుచేస్తాను, జీతం ఇస్తారు. ఆయనకు మింగుడుపడనిది నా రెండో పని. "అర్ధరాత్రి లేచి పడవను నీళ్లలోకి దింపడానికి వెళతావా? దానికి పైసా ఇవ్వరా? మరి వాళ్ల ప్రభుత్వం ఏం చేస్తోందిరా?" అని నేను సెలవు మీద విజయవాడ వచ్చినప్పటి నుంచి అడుగుతూనే ఉన్నారు.

బ్రిటన్, ఐర్లండ్ తీరాల్లో ఆపదలో ఉన్నవాళ్ల కోసం వెళ్లే లైఫ్‌బోట్లలో చాలావాటిని నడిపేది ప్రభుత్వం కాదు. రాయల్ నేషనల్ లైఫ్‌బోట్ ఇన్‌స్టిట్యూషన్ అనే ధర్మసంస్థ. సర్ విలియం హిల్లరీ అనే ఆయన పిలుపుతో 1824లో పుట్టింది. ఇప్పుడు దానికి 230కి పైగా స్టేషన్లున్నాయి. ఖర్చులో అత్యధిక భాగం జనం ఇచ్చే చందాలు, వీలునామాల్లో రాసిచ్చే సొమ్ము నుంచే వస్తుంది. ఇన్నేళ్లలో లక్షా నలభై వేలకు పైగా ప్రాణాలు కాపాడింది. ఎవరైనా అక్కడి అత్యవసర నంబరు 999కి ఫోను చేసి కోస్ట్‌గార్డు కావాలంటే, వాళ్లు మా స్టేషనుకు కబురు పెడతారు. మా నడుముకు ఉండే చిన్న పిలుపు యంత్రాలు, పేజర్లు, మోగుతాయి. మా జట్టులో వడ్రంగి ఉన్నాడు, బేకరీ నడిపే ఆమె ఉంది, బడిలో లెక్కలు చెప్పే మాస్టారు ఉన్నారు. ఈ సంస్థలో చేరేవాళ్లలో సముద్రం మీద బతికే వృత్తుల నుంచి వచ్చేది పదిమందిలో ఒక్కరే. తక్కినవాళ్లకు అంతా మొదటి నుంచి నేర్పుతారు.

నేను పడవలో వెళ్లను, ఒడ్డు మీద ఉండే జట్టులో ఉంటాను. మా పని ఎవరి కంటా పడదు. ట్రాక్టరుతో పడవను అలల్లోకి తోసి, అది కనుమరుగయ్యాక చలిగాలిలో నిలబడి రేడియో వింటాం. తిరిగొచ్చాక మళ్లీ బండి మీదికి ఎక్కించి, ఉప్పు పోయేలా మంచినీళ్లతో ఆసాంతం కడిగి, ఇంధనం నింపి, తాళ్లు చుట్టి, తడి సూట్లు ఆరేస్తాం. పడవ మళ్లీ బయల్దేరడానికి సిద్ధమైందని రేడియోలో చెప్పేదాకా ఒక్కరూ ఇంటికి కదలరు. తెల్లవారి ఆసుపత్రిలో డ్యూటీ ఉన్నా అంతే. పని మధ్యలో పేజర్ మోగినా మా పైఅధికారి వెళ్లమనే అంటారు. ఆమె అన్నయ్యను ఒకప్పుడు ఇలాంటి పడవే ఒడ్డుకు చేర్చిందట.

ఇక్కడి తల్లిదండ్రులకు ఒక మాట గట్టిగా చెప్పాలి. మన పిల్లలు బందరు కాలువలో, కృష్ణలో ఈత నేర్చుకుని, నీళ్లంటే భయం లేకుండా అక్కడికి చదువులకు వెళతారు. అక్కడి సముద్రం సగటున 12 డిగ్రీలే ఉంటుంది. 15 డిగ్రీల లోపు నీళ్లలో హఠాత్తుగా పడితే ఒళ్లు బిగుసుకుని, మన ప్రమేయం లేకుండానే నోరు తెరుచుకుని గాలి పీలుస్తుంది. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే గాలికి బదులు నీళ్లే లోపలికి పోతాయి. గజ ఈతగాడికైనా అంతే. అప్పుడు ఈదకూడదు. వెల్లకిలా పడుకుని, చెవులు మునిగేలా తల వెనక్కి వాల్చి, చేతులు మెల్లగా కదుపుతూ తేలాలి. ఒకటి, ఒకటిన్నర నిమిషంలో ఊపిరి అదుపులోకి వస్తుంది. ఆ తర్వాతే కేక, ఈత. 2024 ఏప్రిల్‌లో స్కాట్లాండ్‌లోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతం దగ్గర మన రాష్ట్రం నుంచి వెళ్లిన ఇద్దరు విద్యార్థులు నీళ్లలో పడి చనిపోయారు. ఆ వార్త చదివాక కొన్ని రాత్రులు నాకు నిద్ర పట్టలేదు. విమానం ఎక్కే ముందు పిల్లలకు పచ్చళ్లు కట్టివ్వండి, ఈ తేలడం కూడా నేర్పించండి.

మొన్న పున్నమి ఘాట్‌లో పడవ నడిపే ఒక అన్నతో చాలాసేపు మాట్లాడాను. 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా పోయినప్పుడు నీళ్లలోకి దిగినవాళ్లలో ఆయన ఒకడు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద కిందికి పోతున్న ఆ రోజుల్లో, సొంత పడవతో వీధుల్లో తిరిగి ముసలివాళ్లను దించాడు. "సుడులు ఎక్కడుంటాయో మాకు తెలుసు బాబూ. ఎవరైనా మునిగితే పోలీసులు మమ్మల్నే పిలుస్తారు. మేమూ వెళతాం. నాకేమైనా అయితే నా పిల్లలను ఎవరు చూస్తారు?" అన్నాడు.

ఆయనకు కార్న్‌వాల్‌లోని మౌస్‌హోల్ పల్లె సంగతి చెప్పాను. 1981 డిసెంబరు 19 రాత్రి తుపానులో యూనియన్ స్టార్ అనే ఓడలోని వాళ్లను కాపాడబోయి, సాలమన్ బ్రౌన్ అనే లైఫ్‌బోటుతో సహా అందులోని ఎనిమిదిమందీ పోయారు. ఒక్క రోజులోనే కొత్త జట్టుకు సరిపడా మనుషులు ముందుకొచ్చారు. ఆ కుటుంబాల కోసం దేశమంతా 30 లక్షల పౌండ్లు దాటి విరాళాలిచ్చింది. ఆయన ఊకొడుతూ విని, "మాలోనూ వస్తారు బాబూ. వెనక ఆ అండ ఉండాలి" అన్నాడు.

అక్కడివాళ్లు మంచివాళ్లు, ఇక్కడ మనుషుల్లో ఆ గుణం లేదు అని విదేశాల నుంచి వచ్చి చెప్పేవాళ్లతో నేను ఏకీభవించను. గుణం ఇక్కడా ఉంది. శిక్షణ, లైఫ్ జాకెట్, ఒక్క పిలుపుతో అందరినీ కూడగట్టే ఏర్పాటు, కుటుంబానికి భరోసా, ఇవి లేవు. గన్నవరం దగ్గర కొండపావులూరులో జాతీయ విపత్తు దళం పదో బెటాలియన్ ఉంది. వాళ్ల నైపుణ్యం గొప్పది. కానీ మునిగేవాడికి ఉండే వ్యవధి కొన్ని నిమిషాలే, ఆ నిమిషాల్లో ఘాట్‌లో ఉండేది పడవ మనిషే. విపత్తుల్లో సాయపడేలా స్థానికులను తయారుచేసే ఆపద మిత్ర పథకం దేశంలో 2016లో 30 జిల్లాల్లో ప్రయోగంగా మొదలై, తర్వాత 350 జిల్లాలకు, లక్షమంది వాలంటీర్లకు విస్తరించింది. శిక్షణ, సామగ్రి, బీమా అందులోనే ఉన్నాయి.

మన ఘాట్ల పడవ మనుషులందరికీ అది దక్కాలని కలెక్టరేటులో ఇవ్వడానికి అర్జీ రాశాను. పేర్ల జాబితా ఆ అన్నే తయారుచేస్తున్నాడు. సీతానగరం వైపు వాళ్ల పేర్లు ఇంకా రావాలి. ఆ ఒడ్డు గుంటూరు జిల్లా కిందికి వస్తుంది కాబట్టి అక్కడ వేరే అర్జీ పెట్టాలి.