గ్రీన్ బే: యజమాని లేని జట్టు ఊళ్లో

ప్యాకర్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ఆట చూడ్డానికి వచ్చినవాళ్లకు, అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని గ్రీన్ బేలో మొదటి దెబ్బ పార్కింగ్ దగ్గరే తగులుతుంది. లాంబో ఫీల్డ్ చుట్టూ ఉన్నవి మామూలు ఇళ్లు. ఆ ఇళ్ల మధ్యలో 81,441 మంది పట్టే స్టేడియం. మ్యాచ్ రోజు ఇంటివాళ్లు ముంగిట్లో గడ్డి మీదే కార్లు పెట్టించుకుని డబ్బు తీసుకుంటారు. స్టేడియానికి రెండు వీధుల అవతల మాకు నలభై డాలర్లు చెప్పారు. తడి గడ్డిలో కారు ఆపడానికి నలభై డాలర్లంటే ప్రాణం ఉసూరుమంది. ఇరవై నిమిషాలు నడవడానికి సిద్ధపడితే ధర బాగా దిగుతుంది. బేరమాడే ముందు అడగాల్సిన సంగతి ఇంకొకటి ఉంది: ఆట అయ్యాక కారు బయటికెలా వస్తుంది? ఒకదాని వెనక ఒకటి ఇరికించి పెడతారు. ముందున్న కారాయన నెగడు దగ్గర కూచుని బీరు తాగుతుంటే మనం అతని దయ మీద ఆధారపడాలి. రోడ్డు వైపు మూతి పెట్టి, ఎదుట అడ్డం లేని చోటు ఇస్తేనే డబ్బు చేతిలో పెట్టండి.

అంత చికాకులోనూ ఒక ప్రశ్న వదల్లేదు. ఈ జట్టు ఇక్కడెలా మిగిలింది? గ్రీన్ బే జనాభా 2020 లెక్కల్లో లక్షా ఏడు వేలు. అంటే సుమారుగా మన తాడేపల్లిగూడెం. న్యూయార్క్, చికాగో, డాలస్ లాంటి మహానగరాలతో కలిసి అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్.ఎఫ్.ఎల్.లో ఆడే 32 జట్లలో ఒకటి ఇంత ఊరిది. 1920ల్లో ఇలాంటి చిన్న ఊళ్ల జట్లు చాలానే ఉండేవి. కాంటన్, రాక్ ఐలండ్, డులూత్, పాట్స్‌విల్ అన్నీ పోయాయి. పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కి తరలిపోయింది. ఇల్లినాయ్‌లో డికేటర్ అనే ఊళ్లో పుట్టిన జట్టే ఇప్పటి చికాగో బేర్స్. ఒక్క గ్రీన్ బే మాత్రం ఎక్కడ పుట్టిందో అక్కడే ఉంది.

అందుకే స్టేడియం కంటే ముందు ఈస్ట్ హైస్కూల్ చూడాలి. ఊరి అవతలి పక్క ఉంటుంది, టికెట్ లేదు. 1919 ఆగస్టులో కర్లీ లాంబో, పత్రికలో పనిచేసే జార్జ్ విట్నీ కాల్హూన్ కలిసి జట్టు కట్టారు. లాంబో ఉద్యోగం చేసే ఇండియన్ ప్యాకింగ్ కంపెనీ దుస్తుల కోసం 500 డాలర్లిచ్చింది. మాంసం డబ్బాల్లో నింపే ఆ కంపెనీ వల్లే ప్యాకర్స్ అన్న పేరు. మొదటి ఏడాది ఆటలు ఈ స్కూలు ఉన్న చోటే, అప్పటి హేగ్‌మైస్టర్ పార్కులో జరిగాయి. కంచె లేదు, గేటు లేదు. జనం మధ్య టోపీ తిప్పి చిల్లర పోగేసేవాళ్లు. ఆ ఏడు పదకొండు ఆటల్లో పది గెలిచారు. 1925 నుంచి 1956 దాకా స్కూలు వెనకున్న సిటీ స్టేడియమే సొంత మైదానం. ఆరు ఛాంపియన్‌షిప్‌లు గెలిచినది ఇక్కడ ఆడుకునే రోజుల్లోనే: 1929, 30, 31, 36, 39, 44. ఇవాళ అక్కడ పిల్లలు ఆడుకునే స్కూలు మైదానం ఉంది. చరిత్ర మీద ఇష్టం ఉన్నవాళ్లకు అద్దాల పెట్టెల్లో పెట్టిన ట్రోఫీల కంటే ఈ నేలే ఎక్కువ చెబుతుంది.

1950ల్లో ఆ పాత స్టేడియం సరిపోక, కొత్తది కట్టకపోతే జట్టు అదే రాష్ట్రంలోని పెద్ద నగరం మిల్వాకీకి పోయేట్టుంది. 1956 ఏప్రిల్‌లో ఊరివాళ్లు ఓటేసి తొమ్మిది లక్షల అరవై వేల డాలర్ల అప్పుకి ఒప్పుకున్నారు. ఆ ఓటింగుకి ముందు ఇక్కడికొచ్చి, కొత్త స్టేడియం కట్టుకోండని సభలో మాట్లాడినవాడు జార్జ్ హాలస్. చికాగో బేర్స్ యజమాని, గ్రీన్ బేకి బద్ధ శత్రువు. చికాగో నుంచి వచ్చేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకుంటే గుండెల మీద 'సి' అక్షరం ఉన్న చొక్కాతో కూడా ఇక్కడ ధైర్యంగా తిరగొచ్చు. 1957 సెప్టెంబరు 29న కొత్త స్టేడియంలో మొదటి ఆట బేర్స్‌తోనే. ప్యాకర్స్ 21-17తో గెలిచారు. 1965లో లాంబో చనిపోయాక దానికి ఆయన పేరు పెట్టారు.

లోపలికి వెళ్లాక సీటు సంగతి. దిగువ భాగంలో చాలామటుకు కుర్చీలు లేవు, అల్యూమినియం బల్లలు. మనిషికి కేటాయించిన జాగా అంకె వేసిన గీతల మధ్య ఉంటుంది. నవంబరు దాటాక అందరూ మూడు పొరల కోట్లతో వస్తారు కాబట్టి ఆ గీతలు ఎవరికీ చాలవు. బల్ల చలిని పీల్చుకుని ఒంటికెక్కిస్తుంది, కింద సిమెంటు పాదాలకెక్కిస్తుంది. స్థానికులు చేసే పని చూడండి: కాళ్ల కింద వేసుకోవడానికి మందపాటి అట్ట తెచ్చుకుంటారు. బూటుకీ సిమెంటుకీ మధ్య ఆ అట్ట ఉంటే రెండో సగంలో వేళ్లు తెలుస్తాయి. బిగుతు బూట్లలో రెండు జతల మేజోళ్లు వేస్తే రక్తం ఆడక చలి ఎక్కువవుతుంది. ఒక సైజు పెద్ద బూట్లు, ఒక ఉన్ని జత చాలు. సంచి పారదర్శకంగా ఉండాలి, 12 అంగుళాల పొడవు, 12 ఎత్తు, 6 మందం దాటకూడదు.

చలి మాటొస్తే 1967 డిసెంబరు 31 గురించి చెప్పకుండా ఉండలేను. ఎన్.ఎఫ్.ఎల్. ఛాంపియన్‌షిప్ ఆట, ఎదురు డాలస్ కౌబాయ్స్. ఉష్ణోగ్రత మైనస్ 13 ఫారెన్‌హీట్, మన లెక్కలో మైనస్ 25 సెల్సియస్. ప్యాకర్స్ కోచ్ విన్స్ లొంబార్డి ఆ ఏడాదే ఎనభై వేల డాలర్లు పెట్టి గడ్డి కింద కరెంటు తీగల వల పరిపించాడు, నేల గడ్డకట్టకుండా. ముందు రాత్రి మైదానం మీద టార్పాలిన్ కప్పారు. కింద వెచ్చదనానికి నేలలోంచి లేచిన తేమ టార్పాలిన్ కింద చిక్కుకుంది. పొద్దున అది తీసేసరికి తడిసిన నేలకు ఆ చలిగాలి తగిలి పైపొర మంచుపలకలా బిగుసుకుంది. అంత చలికి ఆ తీగలు నిలవలేదు. రిఫరీల లోహపు ఈలలు పెదాలకు అతుక్కుపోవడంతో తర్వాత నోటితోనే అరిచి ఆట నడిపారు. 4 నిమిషాల 50 సెకన్లు మిగిలుండగా ప్యాకర్స్ 17-14తో వెనకబడి, బంతితో దాటాల్సిన గోల్ గీతకు 68 గజాల అవతల ఉన్నారు. ఆఖరికి 16 సెకన్లు, టైమవుట్లు అయిపోయాయి, గీత రెండడుగుల దూరం. బంతి వెనక్కిచ్చి పరుగు తీయిస్తే ఆ జారుడులో పట్టు దొరకదని, ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ బార్ట్ స్టార్ బంతి తనే పట్టుకుని, ముందు దారి చేసే జెర్రీ క్రేమర్ వెనక దూరాడు. 21-17. దక్షిణం వైపు ఎండ్ జోన్, అంటే గోల్ గీత అవతలి పట్టీ, ఎదురుగా కూచున్నవాళ్లకు ఆ రెండడుగుల నేల కళ్లముందే ఉంటుంది. ఇప్పుడు గడ్డి కింద వేడి ద్రవం పారే గొట్టాలున్నాయి. గడ్డి కూడా అసలుదీ, మధ్యమధ్యన కుట్టిన ప్లాస్టిక్ పోగులూ కలిసినది.

టూర్ తీసుకుంటే మ్యాచ్ లేని రోజు తీసుకోండి. ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే సొరంగంలో పాత సొరంగపు సిమెంటు పలకలు కొన్ని నేలలో అమర్చారు. లొంబార్డి కాలం నుంచి అందరూ తొక్కిన పలకలు అవి.

మెట్ల దగ్గర ముసలాయన ఒకరు గోడకు తగిలించిన ఫ్రేము లాంటిదే తన ఇంట్లోనూ ఉందని అందరికీ చెబుతున్నారు. అది షేరు పత్రం. ఈ జట్టు నిలిచిన కిటుకు అక్కడే ఉంది. 1923లో డబ్బు చాలక ఐదు డాలర్ల షేర్లు వెయ్యి అమ్మారు, కొన్నవాళ్లు ఆరు సీజన్ టికెట్లు కూడా కొనాలన్న షరతుతో. తర్వాత 1935, 1950, 1997, 2011, 2021. చివరిసారి షేరు 300 డాలర్లు. వాటాదారులు ఇప్పుడు ఐదు లక్షల ముప్ఫై వేలకు పైనే. లాభాంశం ఉండదు. విలువ పెరగదు. బయటివాళ్లకు అమ్ముకోలేరు, కుటుంబంలో ఇవ్వొచ్చు అంతే. ఎవరూ రెండు లక్షల షేర్లు దాటకూడదు. జట్టు మూతపడితే ఆస్తి సేవా కార్యక్రమాలకే పోతుంది, ఒక్క డాలరూ వాటాదారు జేబులోకి రాదు. ఊరు మార్చి సొమ్ము చేసుకుందామనుకునే మనిషికి ఇందులో దక్కేదేమీ లేకుండా రాశారు. ఇంకెవరూ ఇలా చేయకూడదని ఎన్.ఎఫ్.ఎల్. తర్వాత నియమం పెట్టుకుంది, పాతవాళ్లు కాబట్టి ప్యాకర్స్‌ని వదిలేసింది. రెండో కాలు టీవీ డబ్బు: 1960ల మొదటి నుంచి జాతీయ ప్రసార ఆదాయం అన్ని జట్లకూ సమానంగా పంచుతున్నారు. అదే లేకపోతే షేర్ల అమ్మకం ఒక్కటే ఈ ఊరిని న్యూయార్క్ పక్కన నిలబెట్టలేకపోయేది.

ఇప్పుడు టికెట్లు. 1960 నుంచి సీజన్ టికెట్లన్నీ అమ్ముడుపోయాయి, ఎదురుచూసేవాళ్ల జాబితా లక్ష దాటింది. మనకు దొరికేది మళ్లీ అమ్మేవాళ్ల దగ్గరే. బేర్స్ ఆట అన్నిటికంటే మండిపోతుంది, ఆగస్టు ప్రీసీజన్ ఆటలు చవక. శాకాహారులకు తిండి కష్టమే, అంతా సాసేజ్‌లు. వేయించిన చీజ్ ముద్దలు దొరుకుతాయి కానీ పిండిలో బీరు కలిపారేమో అడగండి.

ఇంకొక్కటి. 1933 నుంచి 1994 దాకా జట్టు ఏటా కొన్ని ఆటలు మిల్వాకీలో ఆడేది. అవి ఆపేశాక అక్కడి టికెట్‌దారులకు లాంబోలో కొన్ని ఆటలు ప్రత్యేకంగా కేటాయించారు. గోల్డ్ ప్యాకేజీ అంటారు. ఆ ఆట రోజున స్టేడియంలో చాలామంది ఇల్లు మిల్వాకీ వైపే, మీరూ అటు నుంచి వచ్చి ఉంటే అంతా ఒకే దారిన పోతారు. టికెట్ కొనేముందు షెడ్యూల్లో అది గోల్డ్ ఆటేమో చూసుకోండి. అయితే మాత్రం ఆట అయ్యాక గంటన్నర అక్కడే గడిపి, తర్వాత మిల్వాకీకి పోయే ఐ-43 హైవే ఎక్కండి.