ధవళేశ్వరం మీదుగా నర్సాపురం

మేం బ్రదరన్ అనే క్రైస్తవ సంఘం వాళ్లం. మొక్కులు, తలనీలాలు, కొండలెక్కడాలు మా ఇంట్లో లేవు కాబట్టి యాత్ర అంటే మా సంఘంలో వాళ్లే నవ్వుతారేమో, అయినా మొన్న డిసెంబర్లో నేనూ నాన్నా వెళ్లొచ్చింది యాత్రే.

అమ్మ జ్ఞాపకార్థ కూడిక అయ్యాక ఆవిడ బైబిలు నాకిచ్చారు నాన్న. లోపల ఒక కవరు. మీద అమ్మ రాత: "పెద్దోడి జ్వరం తగ్గినందుకు. నర్సాపురంలో వెయ్యాలి." 2011లో, ఇంటర్లో ఉండగా, నాకు టైఫాయిడ్ వచ్చి మంచం మీదే నెల గడిచింది. కవర్లో పాత ఐదొందల నోటు, 2016లో రద్దయింది. ఐదేళ్లు వీలు పడలేదు, ఆ తర్వాత నోటే చెల్లలేదు. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదేమో.

నర్సాపురమే ఎందుకంటే, 1836లో ఇంగ్లండ్‌లో ఓడెక్కిన మా బ్రదరన్ మిషనరీలు బౌడెన్, బీర్ దంపతులు కుదురుకున్నది అక్కడే. ఒకాయనది రాతిపని, ఇంకొకాయన చెప్పులు కుట్టేవాడు. 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరంలో కాటన్ దొర ఆనకట్ట కడుతుంటే వేలమంది కూలీలు చేరారు, వీళ్లు అక్కడికెళ్లి సువార్త చెప్పారు. ఆ కూలీల్లో మా అమ్మ వాళ్ల పూర్వీకుడొకాయన ఉన్నాడట. కాగితం ముక్కేమీ లేదు, ఇంట్లో చెప్పుకోవడమే.

అందుకే ముందు ధవళేశ్వరంలో ఆగాం. బైబిల్లో యొర్దాను దాటాక యెహోషువ నదిలోంచి పన్నెండు రాళ్లు తెప్పించి నిలబెట్టించాడు కదా, రేపు పిల్లలు ఇవేమిటని అడిగితే చెప్పడానికి. చిన్నప్పుడు బస్సు ఇటు వచ్చినప్పుడల్లా అమ్మ కిటికీలోంచి ఆనకట్ట చూపించి "అవి మన రాళ్లురా" అనేది. కళ్లెదురుగా కనిపించేది తర్వాత కట్టిన బ్యారేజీ, 175 గేట్లు. నాకు తెలుసు, ఆవిడకి చెప్పలేదు. కాటన్ దొర విగ్రహం దగ్గర నాన్న కాసేపు నిలబడ్డారు. కాటన్ దొర పుట్టినరోజుకి దండలేసేది ఎక్కువగా హిందూ రైతులే, నీళ్లు తాగిన పొలం వాళ్లది మరి. మేమెప్పుడైనా వేశామా?

అక్కణ్ణుంచి కాలవ గట్టు వెంట వరి కోతలు, ధాన్యం రాశులు, రోడ్డు మీదే ఆరబోతలు. కారు పాకుతూ వెళ్లింది, నర్సాపురం చేరేసరికి చీకటి పడింది.

పొద్దున్నే ఆదివారం ఆరాధన. యేసు జ్ఞాపకంగా రొట్టె విరిచారు. ప్రతి వారం చూసేదే. "నన్ను జ్ఞాపకము చేసికొనుటకు" అని పెద్దాయన చదువుతుంటే ఎప్పుడూ వాచీ చూసుకునే నేను ఈసారి అమ్మ కూర్చునే వైపు, అంటే ఆడవాళ్ల వైపు, చూస్తూ ఉండిపోయాను. ఆ ఊళ్లో ఆవిడెప్పుడూ కూర్చోలేదు కూడా.

కానుకల సంచీలో నాన్న కొత్త ఐదొందల నోటుతోపాటు ఆ కవరూ వేసేశారు. కూడిక అయ్యాక లెక్క చూసే కుర్రాడు వెతుక్కుంటూ వచ్చాడు.

"బ్రదర్, ఈ నోటు చెల్లదండీ."

"తెలుసు బాబూ. అది మా ఆవిడది. ఉంచండి."