గోధుమ రంగు మరకలూ ఫోన్ నంబర్లూ: కాలేయ క్యాన్సర్‌పై నా ఎండీ థీసిస్

పాథాలజీ ఎండీలో చేరిన కొద్ది నెలలకే థీసిస్ సినాప్సిస్ ఇవ్వవలసి వచ్చింది. కాలేయ క్యాన్సర్‌లో మూలకణాల (స్టెమ్ సెల్స్) గుర్తులకూ రోగి భవిష్యత్తుకూ సంబంధం ఉందా అన్న అంశాన్ని మా గైడ్ మేడమ్ సూచించినప్పుడు నాకు అందులో సగం అర్థం కాలేదు. అయినా తలూపి బయటికి వచ్చి, ఆ రాత్రే చదవడం మొదలుపెట్టాను.

కణితిలోని కణాలన్నీ ఒక్కలాంటివి కావనీ, వాటిలో కొద్దిపాటి కణాలకే కణితిని మళ్లీ మొదటి నుంచి పెంచగల శక్తి ఉంటుందనీ క్యాన్సర్ మూలకణాల సిద్ధాంతం చెబుతుంది. 1997లో టొరంటో పరిశోధకులు లుకేమియా కణాలను ఎలుకలకు ఎక్కించి దీనికి బలమైన ఆధారం చూపారు. కాలేయం విషయంలో 2006, 2007 సంవత్సరాల్లో సీడీ133, 2008లో సీడీ90, 2009లో ఎప్‌క్యామ్ అనే ప్రొటీన్లు ఇలాంటి కణాలకు గుర్తులుగా వెలువడ్డాయి. గర్భస్థ శిశువు కాలేయంలోని లేత కణాల్లో ఎప్‌క్యామ్, సీకే19 అనే మరో ప్రొటీన్ ఉంటాయి. ఆ కణాలు ముదిరి కాలేయ కణాలుగా మారాక అవి మాయమై, పిత్తనాళాల కణాల్లో మాత్రమే మిగులుతాయి. కాబట్టి కాలేయ క్యాన్సర్ కణంలో అవి మళ్లీ కనిపిస్తే, ఆ కణం లేత స్వభావాన్ని తెచ్చుకున్నదని అనుమానిస్తాము. అనుమానం అన్న మాటను తెలిసే వాడుతున్నాను, ఎందుకంటే స్లైడు మీద రంగు పట్టినంత మాత్రాన అది మూలకణమని రుజువు కాదు. ఆ రుజువు ఎలుకలో కణితి పెరిగినప్పుడే దొరుకుతుంది.

సీడీ133, ఎప్‌క్యామ్, సీకే19 మూడింటినే ఎంచుకున్నాము. సీడీ90 పీచుకణాలకూ రక్తనాళాల గోడలకూ, సీడీ44 అనే మరో గుర్తు లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలకూ రంగు పట్టిస్తాయి కనుక, వాపూ పీచూ నిండి గట్టిపడిన (సిర్రోసిస్) కాలేయంలో వాటిని లెక్కపెట్టడం నావంటి కొత్తవారికి సాధ్యం కాదని మేడమ్ వాటిని కొట్టివేశారు.

ఎథిక్స్ కమిటీ అనుమతి తేలికగానే వచ్చింది కానీ, పారఫిన్ బ్లాకులు, అంటే మైనంలో పొదిగి దాచిన కణితి ముక్కలు, దొరకడమే కష్టమైంది. సిర్రోసిస్ ఉన్నవారిలో కాలేయ క్యాన్సర్‌ను చాలాసార్లు బయాప్సీ లేకుండానే, కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన సీటీలోనో ఎంఆర్ఐలోనో ధమని దశలో మెరిసి తరువాతి దశలో మసకబారే తీరును బట్టి నిర్ధారిస్తారు. అందువల్ల మాకు అందేవి శస్త్రచికిత్సలో తీసిన కణితులే, అంటే శస్త్రచికిత్సను తట్టుకోగల కాలేయం ఉన్నవారివే. వ్యాధి ముదిరి వచ్చిన ఎక్కువమంది నా లెక్కలోకే రాలేదు. ఈ పరిమితిని థీసిస్‌లో ఒక పేరాగా రాశాను గానీ, దానికి ఒక అధ్యాయమే కేటాయించవలసిందని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

నాలుగు మైక్రాన్ల మందంలో కోత కోసి, పూత పూసిన స్లైడు మీదికి ఎక్కించి, మైనం కరిగించి, ఫార్మాలిన్ బిగించేసిన ప్రొటీన్లను తెరవడానికి బఫరులో ఉంచి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించి, హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి, ఆపైన ఆ ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీ, చివర డీఏబీ అనే రంగు పదార్థం వేస్తే, వెతుకుతున్న ప్రొటీన్ ఉన్నచోట గోధుమ రంగు తేలుతుంది. (ఉడికించినది మామూలు వంటింటి కుక్కరే.) మొదటి విడత స్లైడ్లన్నింటిలో కాలేయ కణాలు గోధుమ రంగులో వెలిగిపోతుంటే నేను సంబరపడ్డాను. మా టెక్నీషియన్ అన్న ఒక స్లైడు చూసి, "డాక్టరమ్మా, మామూలు కాలేయానికి కూడా పట్టింది చూడండి" అన్నారు. కాలేయ కణాల్లో బయోటిన్ అనే విటమిన్ సహజంగానే ఎక్కువ; మేము వాడినది బయోటిన్ మీద ఆధారపడిన పాత కిట్టు. రంగు పట్టినది ఎప్‌క్యామ్‌కు కాదు, బయోటిన్‌కు. బయోటిన్ అక్కరలేని పాలిమర్ కిట్టు తెప్పించుకుని అన్నీ మళ్లీ మొదటి నుంచి చేశాము.

ఆ చిక్కు తీరాక మరొకటి ఎదురైంది. పిత్తవర్ణకం, ఇనుము నిల్వలు, వయసుతో కణాల్లో చేరే లిపోఫసిన్ కూడా గోధుమ రంగువే. అసలు యాంటీబాడీ వేయని జత స్లైడును పక్కన పెట్టుకుని చూస్తే తప్ప తేడా తెలియలేదు. అదృష్టవశాత్తూ సీకే19కూ ఎప్‌క్యామ్‌కూ కాలేయంలోనే సాక్షి ఉంటుంది: అదే స్లైడులోని పిత్తనాళానికి రంగు పట్టి, మామూలు కాలేయ కణానికి పట్టకపోతే ఆ విడతను నమ్మవచ్చు.

ఎన్ని శాతం కణాలకు రంగు పడితే పాజిటివ్ అనాలి? సీకే19కు 5 శాతం అన్న హద్దు బాగా వాడుకలో ఉంది. సీడీ133కు మాత్రం ఒక్కో పరిశోధనాపత్రంలో ఒక్కో హద్దు కనిపించింది. ఫలితాలు చూశాక హద్దును అటూఇటూ జరిపితే ఏదో ఒకచోట పీ విలువ (నిజంగా సంబంధం లేకున్నా ఇలాంటి ఫలితం రాగల సంభావ్యత) అనుకూలంగా వస్తుంది, కానీ అది శాస్త్రం కాదు. కణితి గుర్తుల అధ్యయనాలను ఎలా నివేదించాలో చెప్పే, 2005లో వెలువడిన రిమార్క్ మార్గదర్శకాల ప్రతిని మేడమ్ నా చేతికిచ్చి, హద్దును ముందే కాగితం మీద రాయించి, సంతకం పెట్టించి తన సొరుగులో పెట్టుకున్నారు. రోగి ఏమయ్యారో తెలియకుండానే నేనూ ఆవిడా వేరువేరుగా స్లైడ్లను లెక్కపెట్టాము.

వారేమయ్యారో తెలుసుకునే పని దీనికంటే బరువైనది. కేస్ షీట్లలో ఉన్న నంబర్లకు సాయంత్రం పూట ఫోన్ చేసేదాన్ని. కొన్ని నంబర్లు మేనల్లుడివి, కొన్ని ఊళ్లోని కిరాణా కొట్టువి, కొన్ని అసలు పనిచేయనివి. ఒక ఇల్లాలు ఎత్తి, "ఆయన పోయి రెండేండ్లాయె బిడ్డా, గిప్పుడెందుకు అడుగుతున్నరు?" అన్నారు. సినాప్సిస్‌లో రాసిన ప్రయోజనాల పేరా ఆమెకు చెప్పదగినది కాదు. ఇలాంటి జబ్బు వచ్చిన మరొకరికి పనికొస్తుందేమోనని అన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, తేదీ చెప్పి, "పచ్చకామెర్లు ముదిరి పోయిండు" అన్నారు.

ఆ ఒక్క మాట నా పట్టికను తారుమారు చేసింది. కాలేయ క్యాన్సర్ రోగికి చాలాసార్లు రెండు జబ్బులు ఉంటాయి, ఒకటి కణితి, రెండోది అది పుట్టిన సిర్రోసిస్. కామెర్లు కణితి తిరగబెట్టడం వల్ల వచ్చాయా, సిర్రోసిస్ ముదిరి వచ్చాయా అన్నది ఆ ఇల్లాలికి తెలియదు, ఆ తరువాత స్కాన్ తీయలేదు కనుక నాకూ తెలియదు. మూలకణాల గుర్తు జోస్యం చెప్పగలిగితే మొదటిదాని గురించే చెప్పాలి. అందుకే మొత్తం బతికిన కాలాన్నీ, జబ్బు తిరగబెట్టకుండా గడిచిన కాలాన్నీ వేరువేరుగా లెక్కించాము. రెండోదానికి తగిన వివరాలు ఉన్నవారు బాగా తగ్గిపోయారు. ఫోన్ దొరకనివారిని చివరిసారి ఓపీకి వచ్చిన తేదీ దగ్గర సెన్సార్ చేశాము, అంటే వారి లెక్కను అక్కడితో ఆపాము. ఎంతమంది బతికి ఉన్నారో చూపడానికి కాప్లాన్, మేయర్ పద్ధతిలో గీసే మెట్ల గీత మీద చిన్న అడ్డుగీత అంటే ఇదేనని అంతకుముందు పుస్తకంలో చదివినప్పుడు నాకు తట్టలేదు.

నా ఫలితాలను ఇక్కడ ఏకరువు పెట్టను. యాభైకి లోపు కేసులతో ఎవరి భవిష్యత్తునూ తేల్చకూడదు. వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ ఒకే ప్రశ్న మీద నిలబడ్డారు: "రేపు నీ రిపోర్టులో ఈ మూడింటిలో దేన్ని రాస్తావు?" సీకే19ను రాస్తానన్నాను, దానికి ఒప్పుకున్న హద్దు ఉంది, శస్త్రచికిత్స తరువాత జబ్బు తిరగబెట్టే అవకాశంతో దాని సంబంధం చాలా చోట్ల కనిపించింది కనుక. ఎప్‌క్యామ్ పాజిటివ్ కణితుల్లో ఏఎఫ్‌పీ అనే ప్రొటీన్ తరచుగా ఎక్కువ ఉంటుంది, కానీ ఏఎఫ్‌పీ రక్తపరీక్షలోనే తెలుస్తుంది. సీడీ133ను ఇంకా పరిశోధనకే వదిలేస్తానన్నాను. "మరి అన్నింటికంటే ముందు ఏం రాస్తావు?" అని మళ్లీ అడిగారు. రక్తనాళాల్లోకి కణితి చొచ్చుకుపోయిందో లేదో అన్నాను. అది చూడడానికి యాంటీబాడీ అక్కరలేదు, రోజూ వాడే మామూలు రంగులు వేసిన హెచ్ అండ్ ఈ స్లైడును ఓపికగా చూస్తే చాలు. ఆయన థీసిస్ మూసి, తరువాతి విద్యార్థిని పిలవమన్నారు.